"స్థానిక స్త్రీ" అని రాసినప్పుడు

అండమాన్ నుంచి వచ్చాక నేనొక యాత్రాకథనం రాశాను. హాస్టల్ రోజుల నుంచీ కలిసున్న అయిదుగురం పదిహేనేళ్లుగా వాయిదా వేసుకుంటూ వచ్చిన ప్రయాణం అది. పిల్లల పరీక్షలు, ఒకరి అత్తగారి ఆపరేషను, ఇంకొకరి ఇంటి లోను, మరొకరి విడాకుల కేసు అన్నీ దాటుకుని చివరికి ఆరు రోజులు దొరకబుచ్చుకున్నాం. రాసినదాన్ని పత్రికకు పంపేముందు నలుగురికీ చదవమని ఇచ్చాను. ముగ్గురు బాగుందన్నారు. నాలుగో ఆమె వారం తర్వాత కాగితాలు తిరిగి ఇచ్చింది. ఎక్కడా ఏమీ రాయలేదు, ఒక్కచోట తప్ప. "జెట్టీ దగ్గర ఒక స్థానిక స్త్రీ మాకు ఆప్యాయంగా ఎండుచేపల పొట్లం ఇచ్చింది" అన్న నా వాక్యంలో "స్థానిక స్త్రీ" చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన "మా పిన్ని" అని రాసింది.

ఆవిడ వాళ్ల పిన్ని అని నాకు తెలుసు. తెలిసే అలా రాశాను. అబద్ధం రాస్తున్నానన్న స్పృహ కూడా లేకుండా రాశాను. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, ఇతరుల రచనల్లో ఎవరు మాయమయ్యారో వెతకడమే పనిగా పెట్టుకున్నదాన్ని నా మూడో పేజీలో నేనే ఒక మనిషిని మాయం చేశాను. ఆ కథనం పత్రికకు పంపలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను. ఒక రకంగా ఇది నా రచన మీద నేను చేసుకుంటున్న విమర్శ. కానీ నా ఒక్కదాని గురించే కాదు.

తెలుగులో యాత్రాసాహిత్యం అంటే ముందు ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరే చెబుతాం. 1830-31లో పరివారంతో కాశీకి వెళ్లి ఆయన రాసుకున్న చరిత్ర మన పాఠ్యపుస్తకాలన్నిటికీ తెలుసు. 1870లలో ఇంగ్లండు చూసొచ్చి రాసిన పోతం జానకమ్మ పేరు మాత్రం చాలాకాలం ఎవరికీ గుర్తులేదు. నాయని కృష్ణకుమారి గారి "కాశ్మీర దీపకళిక" లాంటి పుస్తకం వచ్చాక కూడా ప్రయాణం స్త్రీలకు అనుమతి మీద దొరికేదిగానే ఉండిపోయింది. తీర్థయాత్రకు భర్త వెంట, ఉద్యోగం బదిలీకి భర్త వెనక, పురుడు పొయ్యడానికి కూతురి దగ్గరికి. ఆడవాళ్లు ఆడవాళ్లతో, ఏ పనీ లేకుండా, ఏ మొక్కూ లేకుండా, ఊరికే చూడ్డానికి వెళ్లడం మా అమ్మ తరంలో నేను ఎరగను. అందుకే ఇప్పుడు స్నేహితురాళ్లు కలిసి వెళ్లిన ప్రయాణాల గురించి స్త్రీలు రాస్తుంటే ఆ రాతల్లో ఒక మాట మళ్లీ మళ్లీ మోగుతుంది: "మేం". మేం నవ్వుకున్నాం, మేం తడిశాం, మేం అర్ధరాత్రి దాకా ఇసుకలో కూర్చున్నాం. ఈ "మేం" కోసం స్త్రీలు పడ్డ కష్టం చిన్నది కాదు. దాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యదలుచుకోలేదు. రాధానగర్ బీచ్‌లో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, విడాకుల కేసు నడుస్తున్న మా స్నేహితురాలు మూడేళ్ల తర్వాత పగలబడి నవ్విన నవ్వు నేను విన్నాను. అది నిజం. ఆ ప్రయాణం మాకు అవసరం.

అయితే తెలుగులో "మేం" అంటే ఎదుటి మనిషి అందులో లేనట్టు. ఎదుటి మనిషి కూడా ఉంటే "మనం" అంటాం. ఇంగ్లీషుకు ఈ తేడా లేదు. నా కథనంలో నలభై మూడుసార్లు "మేం" వచ్చింది. లెక్కపెట్టాను. "మనం" ఒక్కసారీ రాలేదు.

ఈ సర్వనామాల గొడవ నాకు కొత్తదేమీ కాదు. ఎం.ఏ. పిల్లలకు జమైకా కిన్‌కెయిడ్ రాసిన "ఎ స్మాల్ ప్లేస్" (1988) పాఠం చెబుతాను. కరీబియన్ సముద్రంలో ఆంటిగ్వా అనే చిన్న దీవి ఆమెది. పుస్తకం మొదటి భాగమంతా ఆ దీవిలో విమానం దిగిన పర్యాటకుడితో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. "యూ" అని పిలుస్తూ అతని సెలవును వాక్యం తర్వాత వాక్యం విప్పుతుంది. నీకు ఎండ కావాలి, వాన పడదని సంబరపడతావు, ఆ వాన లేక ఇక్కడివాళ్లకు తాగునీళ్లు లేవని నీకు తోచదు. నువ్వు ఈదే సముద్రంలోకే నీ బాత్‌రూమ్ నీళ్లు వచ్చి కలుస్తున్నాయేమో అని ఆలోచించవు. దీవిలో తాజాగా దొరికిందనుకుని నువ్వు తినే తిండి మయామీ నుంచి విమానంలో వచ్చి ఉంటుంది. 1974 భూకంపంలో దెబ్బతిన్న గ్రంథాలయానికి మరమ్మతు జరుగుతుందని రాసిపెట్టిన బోర్డు ఏళ్లు గడిచినా అలాగే ఉందని నీకు అక్కర్లేదు. నేను ఆమె మాటలు ఎత్తిరాయడం లేదు, వరస మాత్రం చెబుతున్నాను. కొత్త గ్రంథాలయం చివరికి 2014లో తెరిచారు. అంటే నలభై ఏళ్లు.

ఒక ఏడాది క్లాసులో మొదటి భాగాన్ని తెనిగించమన్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాం. "యూ"ని "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? "కోపంలో ఎవరైనా మీరు అంటారా మేడమ్?" అంది ఒక అమ్మాయి. "మా ఇంట్లో అమ్మకి కోపమొస్తేనే నాన్నని మీరు అంటుంది" అంది ఇంకొకామె. "మీరు అంటే ఒక్కడే కాదు కదా, గుంపు మొత్తం" అన్నాడొక అబ్బాయి. గంట గడిచినా తేలలేదు. అప్పుడు నేను దాన్ని అనువాద సమస్య అనుకున్నాను.

కిన్‌కెయిడ్ నవల "లూసీ" (1990)లో ఒక చిన్న సందర్భం ఉంది. లూసీ దీవుల నుంచి అమెరికా వచ్చి ఒక సంపన్నుల ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరిన అమ్మాయి. కిన్‌కెయిడ్ కూడా చిన్న వయసులో అలాంటి పనికే న్యూయార్క్ వచ్చింది. ఆ ఇంటి యజమానురాలి స్నేహితులు దీవులకు వెళ్లివచ్చినవాళ్లే. లూసీని చూసి, అక్కడ చాలా సరదాగా గడిపామని చెబుతారు. ఎవరో సరదాగా గడిపారన్నది తప్ప చెప్పుకోడానికి ఇంకేమీ లేని చోటు నుంచి వచ్చినందుకు లూసీకి సిగ్గేస్తుంది. స్నేహితుల గుంపు ఒకటి దీవికి వెళ్లి సరదాగా గడిపి రావడం అవతలి వైపు నుంచి ఎలా వినబడుతుందో అంత తక్కువ మాటల్లో చెప్పిన చోటు నేను ఇంకెక్కడా చదవలేదు. అది చదివి, పాఠం చెప్పి, పరీక్షలో ప్రశ్న ఇచ్చి, ఆ తర్వాత వెళ్లి నేను అండమాన్ గురించి "మేం చాలా సరదాగా గడిపాం" అని రాశాను.

నా కథనంలో రెండో పేజీ సెల్యులార్ జైలు గురించి. అక్కడ అందరూ రాసేదే నేనూ రాశాను. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనలో ఒక రావిచెట్టు కథ చెబుతుంది. అది విని కళ్లు చెమర్చాయని రాశాను, చెమర్చాయి కూడా. రంప తిరుగుబాటులో పట్టుబడినవాళ్లలోనూ కొందరిని అండమాన్‌కు పంపారన్నది తలుచుకుని గర్వపడ్డాను. ఆడఖైదీల ఊసు మాత్రం ఆ ప్రదర్శనలో నాకు వినబడలేదు. వినబడలేదన్న సంగతి కూడా అప్పుడు నాకు తట్టలేదు.

1858లో ఖైదీల స్థావరం మొదలైన కొద్దికాలానికే స్త్రీలను కూడా అక్కడికి పంపడం మొదలుపెట్టారు. మగవాళ్లతో పోలిస్తే వాళ్లు చాలా తక్కువమంది. సౌత్ పాయింట్ దగ్గర ఆడవాళ్ల జైలు ఉండేది. చాలామంది మీద ఉన్నది హత్యానేరం. భర్తను చంపిందనో, పుట్టిన బిడ్డను చంపిందనో. కొన్నేళ్లు సరిగ్గా ప్రవర్తించిన మగఖైదీ "సెల్ఫ్ సపోర్టర్"గా విడిగా బతకడానికి అనుమతి తెచ్చుకుంటే, ఆ జైలు నుంచి ఒక స్త్రీని ఎంచుకుని, అధికారి సమ్మతితో పెళ్లాడవచ్చు. అలా ఏర్పడ్డ కాపురాల పిల్లల్ని, వాళ్ల సంతతిని అక్కడ "లోకల్ బార్న్" అంటారు. అంటే అండమాన్‌లో "స్థానిక" అన్న మాటకే ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొదట్లో, వరసలో నిలబడి ఎవరో ఎంచుకుంటే బయటికొచ్చిన స్త్రీలు ఉన్నారు. వాళ్లకంటే ముందు అక్కడున్న అండమానీ జనాలను ఆ మాట లెక్కలోకే తీసుకోలేదు.

ద్వీపాంతరవాసం అనే మాట మన పాత కథల్లో, కోర్టు తీర్పుల వార్తల్లో చదివినవాళ్లకు తెలుసు. దీవి అంటే అప్పట్లో శిక్ష. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు బిడ్డను చంపిందన్న నేరం మీద ఉరిశిక్ష వేశారు. అప్పీలులో దాన్ని ద్వీపాంతరవాసంగా మార్చారు, తర్వాత ఇంకా తగ్గించారు. ఆ కేసు మీద పత్రికల్లో స్త్రీలను తిట్టిపోసిన తీరు చూసి మండిపడి తారాబాయి షిండే 1882లో మరాఠీలో "స్త్రీ పురుష తులన" రాసింది. సూసీ థారు, కె. లలిత గార్లు హైదరాబాదులో కూర్చుని కూర్చిన "విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా" వల్ల నా తరం దాన్ని చదవగలిగింది. భారతదేశంలో స్త్రీవాద రచనకు తొలినాళ్ల పుస్తకాల్లో ఒకటనుకునేది ఒక ఆడమనిషికి పడబోయిన ద్వీపాంతరం నుంచి పుట్టింది. విజయలక్ష్మి దీవికి వెళ్లలేదేమో గానీ, ఆమెలాంటివాళ్లు ఎందరో వెళ్లారు. వాళ్లు ఎక్కడ దిగారో అక్కడే మేమూ ఫోటోలు దిగాం.

అబర్దీన్ స్మారకం దగ్గర కూడా దిగాం. 1859 మేలో అండమానీలు బ్రిటిష్ స్థావరం మీద దాడి చేశారు. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ 1858లో పారిపోయి ఏడాదికి పైగా వాళ్ల మధ్య బతికాడు. వాళ్ల స్త్రీలను పెళ్లాడాడు. దాడి సంగతి తెలియగానే తిరిగొచ్చి అధికారులకు చెప్పేశాడు, క్షమాభిక్ష సంపాదించుకున్నాడు. అతను ద్రోహా, కాదా అని ఇప్పటికీ రాస్తారు. అతను వదిలేసి వచ్చినప్పుడు ఆ భార్యల్లో ఒకామె గర్భవతి. ఆమె గురించి రాసేందుకు ఎవరి దగ్గరా ఏమీ లేదు.

పేర్ల సంగతి కూడా ఇలాంటిదే. హేవ్‌లాక్, నీల్ అన్నవి 1857 తిరుగుబాటును అణిచిన సైనికాధికారుల పేర్లు. 2018 డిసెంబరులో అవి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు పెట్టారు. తమ ఊరి వీధులకు ఇంగ్లీషు నౌకాదళం దొంగల పేర్లున్నాయని కిన్‌కెయిడ్ ఎంత మండిపడిందో చదివినదాన్ని కాబట్టి ఆ పాత పేర్లు పోయినందుకు నాకు బాధ లేదు. కానీ పాతవీ కొత్తవీ రెండూ బయటినుంచి ఓడలో వచ్చిన పేర్లే.

ఇక నా నాలుగో పేజీ. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్లాలా వద్దా అని ఒక రాత్రంతా వాదించుకున్నాం. ఆ దారి జారవాల రక్షిత అడవి గుండా పోతుంది. తెల్లవారుజామున జిర్కాటాంగ్ దగ్గర బళ్లన్నిటినీ ఆపి, వరసగా కాన్వాయ్‌లో వదులుతారు. ఆ రోడ్డును ఆ భాగంలో మూసెయ్యమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2012 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో తిండి ఆశచూపి జారవా స్త్రీలతో పర్యాటకుల ముందు నాట్యం చేయించారు. ఇవన్నీ మాకు తెలుసు. ఇద్దరు రామన్నారు. ముగ్గురం వెళ్లాం. ఆ ముగ్గురిలో నేనున్నాను. గుహలు చూడ్డానికేనని చెప్పుకున్నాను. నా కథనంలో మాత్రం గుహల గురించి రెండు వాక్యాలున్నాయి. వాటికి ముందు, "దారిలో జారవాలు ఎవరూ కనబడలేదు" అని ఉంది. కనబడలేదు అన్న మాటలో ఉన్నది నిరాశ. మగవాడి చూపు గురించి నేను మూడు వ్యాసాలు అచ్చేసుకున్నాను. కిటికీకి ముఖం ఆనించి ఆ అడవిలోకి నేను చూసిన చూపు ఏ లెక్కలోకి వస్తుందో ఆ మూడింటిలోనూ లేదు.

పిన్ని సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అదే కష్టంగా ఉంది.

మా స్నేహితురాలిది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. బెస్తల ఇల్లు. మా అయిదుగురిలో స్కాలర్‌షిప్ మీద చదువుకున్నది ఆమె ఒక్కతే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో వందకు పదమూడు మంది దాకా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే. ఈ అంకె వెనక ఆ తీరంలోని పల్లెలున్నాయి. విశాఖపట్నంలో ఓడ ఎక్కి మూడు రోజులు సముద్రం మీద పోయి, వేటకో కూలికో కుదిరిన కుటుంబాలున్నాయి. ఆమె పిన్ని పెళ్లయిన ఏడాదే వెళ్లిపోయింది. అక్కడ ఒక లాడ్జిలో గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. మాకు అండమాన్ అంటే దీవి. ఆమెకు పిన్ని ఉన్న ఊరు. ఇంటి నుంచి చింతపండు, బెల్లం, ఒక చీర పట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం మేం నలుగురం నార్త్ బేలో నీళ్లలోకి దిగుతుంటే, ఆమె జంగ్లీఘాట్‌లో పిన్ని ఇంటికి వెళ్లింది. "తలనొప్పిగా ఉందని ఆమె రాలేదు" అని కథనంలో రాశాను. అది కూడా అబద్ధమే. దాని చుట్టూ ఆమె సున్నా చుట్టలేదు.

చివరి రోజు పొద్దున జెట్టీ దగ్గరికి పిన్ని వచ్చింది. పనిలోకి వెళ్లేముందు వచ్చింది, చీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది. మమ్మల్ని వరసగా చూసి నవ్వింది. "మీరంతా సూడ్డానికొచ్చారేటమ్మా? సూడ్డానికేటుంది ఇక్కడ, సుట్టూరా నీరే గదా" అంది. తర్వాత అక్క కూతురి వైపు తిరిగి, "నువ్వూ ఈళ్లతోటే ఎలిపోతావేటే? నాలుగ్గడియలుండవేటి?" అంది. కాగితంలో చుట్టిన మెత్తళ్ల పొట్లం చేతిలో పెట్టింది. మాలో ఒకరు, విమానంలో వాసనొస్తుందేమో అన్నారు, మెల్లగానే. పిన్ని విన్నదో లేదో తెలీదు. ఆమె అక్క కూతురు మాత్రం విన్నది.

క్లాసులో తేలని అనువాదం ఆ జెట్టీ మీద దానంతటదే అయిపోయింది. "మీరంతా" అన్న ఆ మాటలో కిన్‌కెయిడ్ కోపం లేదు, ఆప్యాయతే ఉంది. కానీ గీత అదే. ఇటు చూడ్డానికి వచ్చిన "మీరు", అటు ఉండిపోయిన తాను. ఆ గీత మా అయిదుగురి మధ్యనుంచి పోయింది. మా స్నేహితురాలు ఒక్కతే ఇటు "మీరు"లోనూ అటు "నువ్వు"లోనూ ఉంది. కిన్‌కెయిడ్ పుస్తకంలో పర్యాటకుడు ఒకవైపు, దీవివాళ్లు ఒకవైపు ఉంటారు. ప్రతి ఊరివాడూ పర్యాటకుడు కాగలవాడే, కానీ లోకంలో చాలామందికి అంత డబ్బు లేదని కూడా ఆమె అంటుంది. మొదటి తరంలో చదువుకుని, నెలనెలా కొంత దాచి, సెలవుకు తన పిన్ని దుప్పట్లు ఉతికే ఊరికి గుంపుతో వచ్చిన ఆడమనిషిని ఎక్కడ నిలబెట్టాలో ఆ పుస్తకం చెప్పదు. అది ఆ పుస్తకం లోపమని నేననను. అది మనం రాయాల్సిన పేజీ. నాకు రాసే అవకాశం వస్తే "స్థానిక స్త్రీ" అని రాశాను.

ఎందుకు రాశానో చాలా ఆలోచించాను. పిన్ని అని రాస్తే కథనం ఆగిపోతుంది. ఆవిడ ఎవరు, ఎందుకొచ్చింది, ఏ లాడ్జిలో ఏ జీతానికి పనిచేస్తోంది, మేం పడుకున్న పక్కలు ఎవరు ఉతికారు అన్నవన్నీ వరసగా వస్తాయి. అప్పుడు "మేం" ముక్కలవుతుంది. నాకు ఆ "మేం" చెక్కుచెదరకుండా కావాలి. స్త్రీలందరూ ఒకటే అనుకున్న రోజుల్లో దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు మన ఉద్యమాన్ని అడిగిన ప్రశ్న ఇదే కదా. సభల్లో ఆ ప్రశ్నకు తలవంచడం నేర్చుకున్నాం. సెలవుల్లో మాత్రం దాన్ని మర్చిపోవచ్చనుకున్నాను.

ఆమెకు ఫోన్ చేశాను. క్షమించమన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు రాయకపోయినా పిన్నికి ఏమీ కాదే. నాకు కోపమొచ్చింది అందుకు కాదు. ఆ వాక్యంలో ఆవిడ 'మాకు' ఇచ్చిందని రాశావు. నాకు ఇచ్చింది" అంది.

అది నేను గమనించనేలేదు. స్థానిక స్త్రీ అన్న మాటనే పట్టుకుని ఇన్ని పేజీలు ఆలోచించాను. అసలు దొంగతనం "మాకు" దగ్గర జరిగింది.

వచ్చే ఏడాది మళ్లీ వెళ్దామని మిగతా ముగ్గురూ అంటున్నారు. వెళ్లాలనే నాకూ ఉంది. స్త్రీలు ప్రయాణాలు మానుకోవాలని ఈ వ్యాసం చదివి ఎవరైనా అనుకుంటే నేను సరిగ్గా రాయలేదన్నమాట. ఆమెను అడిగాను, వస్తావా అని. ఆలోచిస్తానంది. వస్తే, ఏం రాసినా ముందు తనే చదవాలంది. ఎర్ర ఇంకు పెన్ను తనే తెచ్చుకుంటుందట.